గంధర్వుడు ఉండిపోనందుకు

నాలుగేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. ప్రార్థనలో దేవుడికి చెప్పబోయి కూడా మధ్యలో మాట మార్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది తణుకు దగ్గర చిన్న ఊరు. స్కూల్లో క్లర్కుని. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతాను. పెళ్ళి కాలేదు. సంబంధాలు కొన్నాళ్ళు వచ్చాయి, తర్వాత రావడం మానేశాయి.

మా పాస్టరు గారి భార్యను అందరం అమ్మగారు అంటాం. ఆవిడ మారుపేరుతో, ఫోన్లో కథలు చదువుకునే యాప్‌లో ఒక నవల రాసేవారు. పాస్టరు గారి భార్య గంధర్వుడి ప్రేమకథ రాస్తోందని తెలిస్తే సంఘంలో ఎంత గోల అవుతుందో చెప్పక్కర్లేదు. ఆ రహస్యం తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకరు తునిలో ఉండే ఆవిడ ఆడపడుచు రత్నం గారు. రాయమని ప్రోత్సహించిందీ, ఆ ఫోను కొనిచ్చిందీ ఆవిడే. రెండోదాన్ని నేను.

గోదావరి మీద పడవ నడిపే పిల్ల కోసం ఒక గంధర్వుడు ఆకాశం వదిలి దిగి వస్తాడు. వారానికొక భాగం వచ్చేది. స్కూల్లో క్యారేజీ విప్పకుండా ముందు అది చదివేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి, ముప్పై తొమ్మిదేళ్ళ మనిషిని, వాడు ఆ పిల్ల దగ్గరే ఉండిపోతాడని పందెం కట్టినంత ధీమాగా ఉన్నాను. అమ్మగారిని అడిగితే చూద్దురుగాని అని నవ్వేవారు.

చివరి భాగంలో వాడు వెళ్ళిపోయాడు. వెళ్ళమని ఆ పిల్లే చెప్పింది. మర్నాడు మామూలుగా పడవ తీసింది. అంతే, అయిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళు ఆశపెట్టి ఇదా చూపించేది? ముగింపు నచ్చలేదని ఆవిడతోనే అనొచ్చు. అంటే నొచ్చుకునేవారు కాదు, టీ పెట్టి మరీ వినేవారు. నేను అలా చెయ్యలేదు. దొంగపేరుతో ఇంకో ఖాతా తెరిచి, ఒక్క స్టార్ ఇచ్చి, కింద ఇలా రాశాను: “కట్టుకున్నవాడు తిన్నావా అని కూడా అడగని మనిషికి ప్రేమకథలు ఎందుకు?”

ఆ సంగతి ఆవిడే ఒకసారి నాతో చెప్పుకున్నారు, వెల్లుల్లి వొలుస్తూ, నవ్వుతూనే. దాన్ని తీసుకెళ్ళి అందరూ చదివేచోట పెట్టాను. నవల మీద కోపమేనా అది? కాదు. నాకు దొరకని మనిషిని ఆవిడ తన బుర్రలోంచి పుట్టించగలిగింది, పుట్టించి కూడా చేతులారా పంపించేసింది. అది ఓర్వలేకపోయాను. అసూయ అనే పేరు దానికి పెట్టడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ఆ వారం స్త్రీల సమాజం కూటం అయ్యాక అమ్మగారు నన్ను ఆపారు. కళ్ళు వాచి ఉన్నాయి. ఆ మాట ఇంటి గుట్టు తెలిసినవాళ్ళే రాశారని, తన గుట్టూ నవల గుట్టూ రెండూ తెలిసింది ఆడపడుచుకేనని అన్నారు. నన్ను లెక్కలోకే తీసుకోలేదు. నా మీద ఆవిడకు అంత నమ్మకం. మాలో ఎవరికైనా మనసు బాగోకపోతే ఇంకొకరి చేత ప్రార్థన చేయించుకోవడం అలవాటు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

“రత్నం మీద కోపం పోవట్లేదు సిస్టర్. మీరు ప్రార్థన చెయ్యండి. నేను ఆమేన్ అంటాను.”

అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. కళ్ళు మూసుకున్నాను. “ప్రభువా, రత్నం గారు తెలియక చేసిన తప్పు క్షమించు. ఆవిడ మనసు మార్చు తండ్రీ,” అన్నాను. ఆవిడ చెయ్యి గట్టిగా నొక్కాను. ఆవిడ దాన్ని భక్తి అనుకున్నారు.

“ఆమేన్,” అన్నారు అమ్మగారు.

నవల మొత్తం తీసేశారు. మళ్ళీ ఏమీ రాయలేదు. రత్నం గారి కూతురి పెళ్ళికి పాస్టరు గారు ఒక్కరే వెళ్ళారు. రత్నం గారు నాకు ఫోన్ చేసి, వదిన తనతో ఎందుకు మాట్లాడట్లేదో మీకేమైనా తెలుసా అండీ అని అడిగారు. తెలియదండీ అన్నాను. తర్వాత పాస్టరు గారికి బదిలీ అయి వాళ్ళు వేరే ఊరు వెళ్ళిపోయారు. వదినా ఆడపడుచుల మధ్య ఇప్పటికీ మాటల్లేవని విన్నాను.

ఇద్దరి నంబర్లూ నా దగ్గరున్నాయి. చేస్తానా? చేస్తానని ఇక్కడ రాసి మీ ముందు మంచిదాన్ని అయిపోవాలని లేదు. ఇప్పటిదాకా చెయ్యలేదు. క్షమించమని అడగడానికి కూడా మీరు అమ్మగారు కాదు, రత్నం గారు కాదు. కనీసం ఒక్కరి దగ్గరైనా ఆ నింద రత్నం గారి మీద లేకుండా చెయ్యాలనిపించింది. ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. అది రాసింది నేను.