గుడ్డు మీద ఇంటి నంబరు

హిందూపురంలో ఇప్పుడు బొగ్గు ముక్క దొరకడం కష్టమైపోయింది. దేశం ముందున్న పెద్ద సమస్యల్లో ఇది లేదని నాకు తెలుసు. అయినా చెప్పుకోవాలి. మా వీధి మొదట్లో ఏళ్ల తరబడి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసిన వెంకటేశు పోయిన నెల గ్యాసు పెట్టె కొన్నాడు. బట్టలు తొందరగా అవుతున్నాయి, మడతలు బాగా వస్తున్నాయి, నాకు మాత్రం బొగ్గు లేదు. మొన్న ఆదివారం వెళ్లి ఒక్క ముక్క ఇవ్వమని అడిగాను. "ఏమిటికి సార్, పండ్లు తోముకునేకా?" అన్నాడు. కాదు, గుడ్ల మీద రాయడానికన్నాను. నేను కాలేజీలో పాఠాలు చెబుతానని అతనికి తెలుసు కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు. బండి కింద పడేసిన పాత ఇనుప పెట్టె మూత తెరిచి, బూడిదలో వేళ్లు పెట్టి కెలికి, చిటికెన వేలంత ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. చల్లారిన బూడిద, కాలిన గుడ్డ కలిసిన వాసన ఒకటి లేచింది. దాంతోపాటు జ్ఞాపకాల్లోంచి హుసేన్‌బీ అవ్వ కూడా లేచి వచ్చింది, మోకాలి నొప్పి ఉన్నా సరే.

హుసేన్‌బీది పెనుకొండ. పెళ్లయి ధర్మవరం వెళ్లి, నలభై ఏళ్లకు పైగా అక్కడ మగ్గాలకు అచ్చులు అతికింది. మగ్గం మీద ఒక వరస చీరలు నేయడం అయ్యాక, మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి కలపాలి. వేలకు వేల పోగులు. ఒకటి తప్పినా చీర దాచిపెట్టదు. భర్త పోయి, చూపు మందగించాక, హిందూపురంలో నర్సు పని చేసే కూతురు ముంతాజు వచ్చి తనతో ఉండమంది. అవ్వ ఒకే షరతు పెట్టింది: కోళ్లొస్తే నేనొస్తా. అలా ఒక ట్రంకు పెట్టె, నాలుగు పెట్టలు, ఒక పుంజు, ఒక అవ్వ మా లేఅవుట్‌లోకి వచ్చాయి.

మా లేఅవుట్ ఒకప్పుడు శెనక్కాయల చేను. ఇప్పుడు అరవై ఇళ్లు, ఒక గేటు, ఒక సంక్షేమ సంఘం. ఆ సంఘానికి నేను కార్యదర్శిని. పెనుకొండ డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను కాబట్టి నియమాలు రాయడం నాకు వచ్చి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఎవరి బంధువో పంపిన బెంగళూరు అపార్టుమెంటు నియమావళిని నేను తెలుగు చేశాను. మాకు లిఫ్టు లేదు, కానీ లిఫ్టులోకి కుక్కల్ని తీసుకుపోరాదు. ఈతకొలను లేదు, కానీ ఒంటికి నూనె రాసుకుని అందులో దిగరాదు. ఇరవై మూడో నియమం ప్రకారం ఏ ఇంటి ఆవరణలోనూ కోళ్లను పెంచరాదు. ఆ ఒక్కటి మాత్రం మాకు అతికినట్టు సరిపోయింది. సభ్యులందరూ చేతులెత్తి ఆమోదించారు. అందరం పల్లెల నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లం. పల్లె మమ్మల్ని వెతుక్కుంటూ రాకూడదని మా పట్టుదల.

అవ్వ వచ్చిన మూడో నెలలో, పొద్దున పెనుకొండలో ప్రాథమిక హక్కులు చెప్పి, సాయంత్రం హిందూపురంలో బస్సు దిగి, కోళ్ల మీద నోటీసు రాశాను. ఇవ్వడానికి కూడా నేనే పోయాను. అవ్వ పెరట్లో కూర్చుని చాటలో నూకలు చెరుగుతోంది. కళ్లు కనపడవు, నువ్వే చదవమంది. 'మీ కోళ్ల వల్ల తోటి నివాసులకు అసౌకర్యం కలుగుతున్నట్లు ఫిర్యాదులు అందినందున, పదిహేను రోజుల్లోగా వాటిని తొలగించవలసినదిగా' అని చదివాను. నా వాక్యం నాకే గంభీరంగా వినిపించింది.

"ఎవురు చెప్పినారప్పా?" అంది అవ్వ.

"ఫిర్యాదులు అందినాయవ్వా."

"అదేలే, ఎవురు? మనిషన్నాక పేరుంటాది కదా."

నేను కాగితం వైపు చూశాను. అందులో పేరు లేదు. నిజానికి ఫిర్యాదు కూడా లేదు. నోటీసుకు నిండుగా ఉంటుందని ఆ మాట నేనే వేశాను.

"రూలు ఉండాదవ్వా," అన్నాను.

"ఎవురు రాసిరి?"

"నేనే."

"నీది యా ఊరు?"

"ఓబులదేవరచెరువు."

"మీయమ్మ కోళ్లు సాకల్యా?"

సాకింది. కోళ్ల గంప పక్కన కూర్చునే నేను పదో తరగతి గట్టెక్కాను. ఈ విషయం సంఘం రికార్డుల్లో లేదు. నేను నోటీసు మడుస్తుంటే అవ్వ చాట కింద పెట్టింది. "సరేప్పా. నీ పని నువ్వు చెయ్. కోళ్లు పోతే నేనూ పోతా. పెనుకొండలో మా తమ్ముని పాత మిద్దె ఖాళీగా ఉండాది."

అది బెదిరింపు కాదని మర్నాడు ముంతాజు చెప్పింది. డ్యూటీకి పోతూ గేటు దగ్గర నన్ను ఆపింది. "సార్, మాయమ్మ అన్నంత పనీ చేస్తాది. ఆ మిద్దెలో నల్లా లేదు, పక్కన మనిషి లేడు. మోకాలు పట్టుకోని ఆడ ఒంటిగా పడిపోతే ఎవురు చూస్తారు?" అంది. చూస్తాను అన్నాను. ఏం చూస్తానో చెప్పలేదు. కార్యదర్శి పదవిలో ఉన్న సౌకర్యం అది.

ఆ పదిహేను రోజుల్లో తనిఖీ పేరుతో మూడుసార్లు అవ్వ పెరట్లోకి పోయాను. తనిఖీ చేయడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. మా వీధికన్నా శుభ్రంగా ఉంది. వంటింటి గోడ పక్కన బుట్టలో ఊక పోసి, ఒక పెట్టను గుడ్ల మీద పొదగడానికి కూర్చోబెట్టింది. ఉరుములకు గుడ్లు చెడిపోకుండా ఊకలో ఒక ఇనుప గొళ్లెం పెట్టింది. వారం రోజులయ్యాక ఒక గుడ్డును పిడికిట్లో పట్టుకుని ఎండకెత్తి, అందులో ఎర్రటి నరాల గూడు ఎలా కనపడుతుందో చూపించింది. ఆమెకు చూపు మందం, కాబట్టి చూసి చెప్పే పని నాది. "ఉండాదా?" అనేది. "ఉండాదవ్వా," అనేవాణ్ని. నోటీసు ఇచ్చినవాడు చేయవలసిన పనేనా ఇది అని దారిలో అనుకునేవాణ్ని. పెరట్లో తిరిగే కోడిపిల్లల కాళ్లకు రంగురంగుల పట్టుదారాలు కట్టి ఉన్నాయి. ఎందుకని అడిగాను. "అందానికి," అంది. నా తనిఖీ నివేదికలో 'అలంకారం' అని రాసుకున్నాను. అవ్వ అబద్ధమాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

ధర్మవరంలో బాడుగిల్లు కదా, అక్కడ ఎవరూ వద్దనలేదా అని ఒకసారి అడిగాను.

"అనకేమి? ముగ్గురు అనిరి. మూడు ఇండ్లు మార్తిమి. అప్పుడు మోకాళ్లుండె, మార్తిమి. ఇప్పుడు లేవు. అందుకని ఈసారి మీరే మారాల."

గడువు ముగిసిన మర్నాడు, ఆదివారం పొద్దున, కమిటీ మొత్తం ఐదుగురం కదిలాం. ముందు అధ్యక్షుడు నాగభూషణం గారు. తనకల్లు దగ్గర భూమి ఉన్న కుటుంబం, ఇంజినీరుగా రిటైరయ్యారు, తొమ్మిదో నంబరు ఇల్లు. కోళ్లను వేసుకుపోవడానికి ఒక పెద్ద గంప తెచ్చాం. ఆ గంప నా చేతిలో ఉంది. వాటిని ఎక్కడికి తీసుకుపోవాలో మేమెవరం అనుకోలేదు. ముంతాజు గుమ్మంలో నిలబడి ఉంది. లోపల, నిన్నటిదాకా మంచం కింద ఉన్న ట్రంకు పెట్టె గది మధ్యలోకి వచ్చి ఉంది.

"ముందు ఆ పొదిగేదాన్ని తీయండి, మిగతావి తర్వాత," అన్నారు నాగభూషణం గారు.

"తీసుకోండప్పా," అంది అవ్వ. "గుడ్లు మాత్రం ఎవురివి వాళ్లకు ఇండ్లిండ్లకు చేర్చిపోండి."

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. పొదిగే కోడి దగ్గరికి పోతే చెయ్యి చీరేస్తుంది. నాగభూషణం గారు మాత్రం పంచె ఎగ్గట్టి, వెనక నుంచి రెండు చేతులూ రెక్కల కిందికి పోనిచ్చి, దానికి తెలిసేలోగా పైకెత్తేశారు. రిటైరైన ఇంజినీరు నేర్చుకునే విద్య కాదది. కింద పదమూడు గుడ్లు ఉన్నాయి. ఒక్కోదాని మీద బొగ్గుతో ఒక అంకె. ఆయన వంగి చదివారు. ఇరవై రెండు. ముప్పై ఒకటి. ఐదు. తొమ్మిది. తొమ్మిది దగ్గర ఆగారు.

"ఇదేందవ్వా?"

"మీదే. మీ ఇంటామె సుశీలమ్మ తనకల్లు నుంచి తెప్పిచ్చి ఇచ్చె. పాలుకు పెట్టినా."

మా వైపు ఇది కొత్త సంగతి కాదు. గుడ్లున్నవాళ్లకు పొదిగే కోడి లేకపోతే, కోడి ఉన్నవాళ్ల దగ్గర పెడతారు. పిల్లలయ్యాక చెరి సగం. అదే పాలు. ఎవరి గుడ్డు ఏదో తెలియడానికి బొగ్గుతో గుర్తు పెడతారు. పెన్నుతో రాస్తే ఇంకు లోపలికి దిగుతుందని అవ్వ ఒప్పుకునేది కాదు. గుడ్డు పగిలే రోజు పొద్దున్నుంచీ బుట్ట పక్కనే కూర్చుని, పిల్ల బయటపడగానే ఆ ఇంటి రంగు దారం కాలికి కట్టేదట. ధర్మవరం నుంచి తెచ్చుకున్న తునకలు. నేను అలంకారమని రాసుకున్నది ఇదీ. గుడ్డును ఎండకెత్తి చూపించినప్పుడు అంకె ఆమె పిడికిట్లో ఉండిపోయేది.

"ఆ ఊదా దారమువి పోయినసారివి," అంది అవ్వ, గోడవారన తిరుగుతున్న మూడు పిల్లల శబ్దం వైపు తల తిప్పి. "అవీ మీవే. మీ ఇండ్లల్లో రూలు ఉండాదని ఈడనే వదిలిపెట్టినారు."

ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలిసిన విషయం కమిటీకి తెలియకపోవడం మా కమిటీకే ప్రత్యేకం కాదనుకుంటాను. కోశాధికారి తన ఇంటి నంబరు వెతుక్కున్నాడు, దొరికింది. నేను వెతకలేదు. మా ఇంటి నంబరు నలభై ఒకటి, రెండు గుడ్ల మీద ఉంది, వాటంతట అవే కనపడ్డాయి. నా భార్య సరోజది అగళి. పోయిన నెల పుట్టింటి నుంచి వచ్చినప్పుడు ఒక డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, బస్సు కుదిపినప్పుడల్లా నన్ను విసుక్కుంది. ఇప్పుడు తలెత్తి చూస్తే, మా మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. అప్పటికే ఆరిన బట్టలు.

కోడి ఇంకా నాగభూషణం గారి చేతుల్లోనే ఉంది. ఆయన దాన్ని చూశారు, గుడ్లను చూశారు.

"ఊరికే నిలబడినారేమబ్బా, జరగండి. గుడ్లు సల్లబడతాయి," అని, దాన్ని మెల్లగా మళ్లీ కూర్చోబెట్టారు. ఆ కమిటీ ఉన్నంతకాలం తీసుకున్న అతి తెలివైన నిర్ణయం అదేనని నా అభిప్రాయం.

మరుసటి వారం ఇరవై మంది దాకా వచ్చిన సర్వసభ్య సమావేశంలో, నోటీసు అమలు చేయాలా వద్దా అని ఓటు పెట్టారు. నేను లేచి, నియమావళిలో పదకొండో నియమం చదివాను. ఒక విషయంలో సొంత లాభం ఉన్న సభ్యుడు దాని మీద ఓటు వేయరాదు. బెంగళూరువాళ్లు అన్నీ ఆలోచించే రాసుకున్నారు. అవ్వ దగ్గర గుడ్లు గానీ కోడిపిల్లలు గానీ ఉన్న ఇళ్లవాళ్లు చేతులు దించమన్నాను. అడిగిన కొద్దీ దిగాయి. ఆఖరికి ఓటుకు అర్హులుగా ముగ్గురు మిగిలారు, వాళ్లలో ఒకాయన నిద్రపోతున్నాడు. కోరం లేదు, ఓటింగు లేదు. ఫిర్యాదులు ఏవీ అందలేదనీ, ఆ వాక్యం నేను కల్పించిందనీ కూడా చెప్పి కూర్చున్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఇరవై మూడో నియమం పుస్తకంలో అలాగే ఉండిపోయింది, లిఫ్టులో కుక్కలతోపాటు. ట్రంకు పెట్టె మంచం కిందికి పోయింది.

ఆ తర్వాత అవ్వ ఆరేళ్లు బతికింది. చనిపోయి రెండేళ్లయింది. మోకాలు కాదు, గుండె. పెనుకొండలోనే మట్టి చేశారు. కోళ్లు ముంతాజు పెరట్లోనే ఉన్నాయి. ఆమెకు డ్యూటీలు, కాబట్టి గుడ్లకు నంబర్లు వేసే పని నాకు వచ్చింది. నాగభూషణం గారు ఇల్లు అమ్మేసి తనకల్లు వెళ్లిపోయారు. సగం ఇళ్లు చేతులు మారాయి. కొత్తవాళ్లు వచ్చారు, కొత్త కమిటీ వచ్చింది, పాత పుస్తకం వాళ్ల చేతికి చిక్కింది. పోయిన వారం ముంతాజు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "సార్, ఇది మీ భాష మాదిరే ఉండాది," అంది. నాదే. 'ఫిర్యాదులు అందినందున', 'తొలగించవలసినదిగా', కామాలతో సహా. నా వాక్యాలు నాకు కలిగించినంత అసౌకర్యం ఏ పుంజు కూతా ఎన్నడూ కలిగించలేదు.

జవాబు రాసి ఇచ్చాను. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు చెప్పండి, వాళ్లు ముంతాజు ఇంటికి వచ్చి ఆమె ముందర ఆ మాట అనాలి. కోళ్లు మాత్రం ఎక్కడికీ పోవు. గంప తెస్తే గేటు దగ్గర నేనుంటాను. కింద నా పేరు, ఇంటి నంబరు పెట్టాను. రేపు ఆదివారం వాళ్లు వస్తారట, రానివ్వండి. కొత్తవాళ్లలో ఎవరి గుడ్డూ బుట్టలో లేదు కాబట్టి ఈసారి పదకొండో నియమం అక్కరకు రాదని నాకు తెలుసు. అది లేకుండానే నిలబడాలి.

మొన్న తెచ్చుకున్న బొగ్గుతో పదకొండు గుడ్ల మీద నంబర్లు వేశాను. కొన్ని ముంతాజువి, కొన్ని పాతవాళ్లవి. సరోజ అగళి గుడ్లు రెండు తెచ్చి ఇచ్చింది. ఈసారికి మనవి వద్దన్నాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను.

ఎందుకంటే, ఎనిమిదేళ్ల కిందట ఆ సర్వసభ్య సమావేశం అయిన రోజు నేను ఇంటికి కూడా పోకుండా అవ్వ పెరట్లోకి పోయాను. సాయంత్రం ఎండలో కోళ్లకు నూకలు చల్లుతోంది. జరిగిందంతా చెప్పాను, పదకొండో నియమం సంగతి కొంచెం ఎక్కువగానే చెప్పాను. "గెలిచినామవ్వా," అన్నాను. ఆమె తలెత్తలేదు. చేతిలో మిగిలిన నూకలు కూడా చల్లేసి, వేళ్లు దులుపుకుంది.

"నువ్వు యాడ గెలిచినావప్పా? నీ గుడ్డు ఆడ లేకపోయింటే, గంప ఇంగా నీ చేతిలోనే ఉంటాండె."