ఒకటో అంతస్తు గొట్టం

ప్యో గ్యుసిక్ మా ఆఫీసులో అగ్నిమాపక పంపుల లెక్కలు వేసేవాడు. భయస్థుడు. పదిహేనో అంతస్తుకు నీళ్లు చాలవేమోనని పంపు బలం లెక్కలో ఎత్తు దగ్గర కొంత కలిపేవాడు. పైపుల రాపిడి దగ్గర కొంత. చివర మొత్తం మీద మరికొంత. ఎక్కువైతే ఎవరూ తిట్టరనేవాడు. ఎవరూ తిట్టలేదు కూడా.

పైకి నీళ్లు ఎక్కించే బలమంతా కింది గొట్టాల మీదే పడుతుంది. అక్కడ ఒత్తిడి తగ్గించే వాల్వు ఉండాలి. ఇంచన్‌లో ఒక అపార్ట్‌మెంటుకు గ్యుసిక్ అది పెట్టడం మరిచాడు.

అక్టోబరులో అక్కడ మంటలార్పడం సాధన చేసే మాక్ డ్రిల్ జరిగింది. వాచ్‌మన్ తక్ సున్‌బోక్‌కు అరవై ఎనిమిదేళ్లు. అన్నిటికన్నా కిందున్న ఒకటో అంతస్తు గొట్టం పట్టుకుని నీళ్లు వదలగానే అది ఆయన్ని వెనక్కి విసిరింది. మణికట్టు విరిగింది.

"తాత గొట్టాన్ని పట్టాడా, గొట్టం తాతను పట్టిందా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. ముసలితనమే కారణమని అపార్ట్‌మెంటువాళ్ల సంఘం రాసుకుంది. డిసెంబరు తర్వాత ఆయన్ని పనిలోంచి మానిపించాలనుకున్నారు.

కబురు అందిన సాయంత్రమే గ్యుసిక్ పాత లెక్క తీశాడు. కింది గొట్టంలో ఒత్తిడి ఏడు కేజీలు దాటకూడని చోట పది. కాగితాన్ని సొరుగులో పెట్టాడు. ఎదురు బల్ల నాది. చూశాను. అడగలేదు.

వారం తర్వాత బేరిపండ్ల పెట్టె పట్టుకుని కాపలా గదికి వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. సున్‌బోక్ లేచి తలవంచాడు.

"క్షమించండి సారూ. అంత మంచి పంపుకి నావల్ల చెడ్డపేరొచ్చింది. చేతుల్లో సత్తువ లేకపోయింది."

గ్యుసిక్ నోరు తెరిచాడు.

"అన్నం తిన్నారా, పెద్దాయనా?" అన్నాడు.

నవంబరు చివర, సంఘం సమావేశం రోజు, అతను ఒక్కడే వెళ్లాడట. అందరినీ ఆవరణలోకి రమ్మని, ఒత్తిడి కొలిచే మీటరు చూపించాడు. ముల్లు పది దగ్గర నిలిచింది. అదే గొట్టాన్ని తనే పట్టుకుని నీళ్లు వదలమన్నాడు. గొట్టం విసురుకు కాళ్లు జారి నీళ్లలో కూలబడ్డాడు. నలభై ఒక్క ఏళ్లవాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తప్పు నా లెక్కది. ఈయన చేతులది కాదు," అన్నాడు పక్కనే నిలబడ్డ సున్‌బోక్‌ను చూపిస్తూ.

ఎప్పటినుంచి తెలుసని సంఘం పెద్దావిడ అడిగింది. మొదటి రోజు నుంచీ అని చెప్పాడు. వాచ్‌మన్‌ను మానిపించే కాగితాన్ని ఆవిడ అక్కడే చింపేసింది.

సున్‌బోక్ గ్యుసిక్ దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజే చెప్పుంటే బాగుండేది సారూ. నెలన్నర నుంచి మా అమ్మాయి నన్ను నీళ్ల కెటిల్ కూడా ఎత్తనివ్వట్లేదు."

గ్యుసిక్ వంగి తడి గొట్టాన్ని చుట్టసాగాడు. రెండో కొసను సున్‌బోక్ బాగున్న చేత్తో పట్టుకున్నాడు.