నిర్మల వైపు గోడ

లాల్‌పేట్‌లోని రుక్కమ్మ పాతింటికి వీధివైపు గోడ కొత్తగా మెరుస్తోంది. మేస్త్రీ వెంకన్న బొగ్గు దుమ్ము పట్టిన పాత సున్నాన్ని గీకేసి, పగుళ్లు పూడ్చి, లేత పసుపు రంగు వేశాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తుంటే రుక్కమ్మ గడపలో నిలబడి తీరిగ్గా వక్క నమిలింది.

"ఇగ పక్కగోడ పెద్దమ్మా. వానలు పడితే అది నిలవదు," అన్నాడు వెంకన్న. "నిచ్చెన నిర్మలక్క వాకిట్లనే వెయ్యాలె. జర అడుగు."

"నువ్వే అడుగరాదు?"

"గోడ నీదా, నాదా?"

రుక్కమ్మ నోట్లో వక్క చేదెక్కింది.

భర్త చనిపోయిన ఏడాది ఆ గోడ లోపలివైపు చెమ్మ దిగింది. పక్కింటి నిర్మల బట్టలు ఆరేసుకోను దానికి తనవైపు రెండు మొలలు కొట్టుకుంది. "గనిల పనిచేసి నా పెనిమిటి కట్టిన ఇల్లు. నీ మొలలతోనే నాశనమైతుంది" అని రుక్కమ్మ వీధిలో నిలబడి అరిచింది. కిరాయికి ఉండేవాళ్ల బుద్ధులన్నీ ఏకరువు పెట్టింది. నిర్మల ఆ సాయంత్రమే మొలలు పీకేసింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు రుక్కమ్మ కొంగు సవరించుకుని ఆ వాకిట్లోకి వెళ్లింది. నిర్మల కుర్చీల మీద తడిబట్టలు ఆరేస్తోంది.

"వెంకన్న నిచ్చెన వేస్తనంటుండు..."

"వెయ్యనీ అక్కా. కుర్చీలు జరుపుత."

రుక్కమ్మ అప్పుడు తలెత్తి చూసింది. గొడవయ్యాక ఇన్నేళ్లలో తన గోడను అటునుంచి చూడటం అదే మొదలు. మనిషి చెయ్యి అందినంత మేర గోడ తెల్లగా ఉంది. అడుగున ఎర్రమట్టి జాజుపట్టె. మొలల గుంతలు పూడ్చి ఉన్నాయి. చెయ్యి అందని పైభాగం మాత్రం నల్లబడి ఉబ్బిపోయింది.

వెంకన్న నిచ్చెనెక్కి చూరు తడిమాడు. "నీ చూరు పెంకులే పగిలినయి పెద్దమ్మా. వాననీళ్లన్నీ గోడ నెత్తిన్నే పడుతున్నయి. కింద ఏటేటా సున్నం ఎవరేసిన్రో గాని, గోడ బతికింది."

"మా ఇంటికి వేసినంక మిగిలింది గిటు పూస్తుంటి," అంది నిర్మల. "పొద్దున లేస్తే మేం చూసేది గీ గోడనే గద."

రుక్కమ్మ చెవులు వేడెక్కాయి. వీధంతా వినేలా అరిచిన మనిషే ఇప్పుడు, పూడ్చిన మొలల గుంతల మీద చెయ్యి పెట్టి, మెల్లిగా అంది.

"వెంకన్నా, పూత పూసేటప్పుడు గీడ రెండు కొక్కేలు పెట్టు. గట్టియి."

"ఎందుకు?"

"తీగకు. బట్టల తీగకు."

నిర్మల లోపలికి వెళ్లి చాయ్ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"చూస్కో అక్కా. మళ్ల చెమ్మ దిగుతదేమో."

నిచ్చెన మీద వెంకన్న ఫక్కున నవ్వాడు. రుక్కమ్మ జాజుపట్టెనే చూస్తూ చాయ్ తాగింది. గ్లాసు ఖాళీ అయినా తల ఎత్తలేకపోయింది.