మోతి మాది కాదన్న రోజు

నా చిన్నప్పుడు మాకొక కుక్క ఉండె. ‘మాకు’ అని ఇప్పుడు ఎంత సులువుగ అంటున్ననో గాని, అనాల్సిన రోజు నా నోరు పెగలలే. ఈ ముచ్చటంత దాని గురించే. మనుమలు చదివి నన్ను తక్కువ చేసి చూసినా సరే, ఉన్నదున్నట్టు చెప్త.

దాని పేరు మోతి. పేరుకే ముత్యం. ఒక చెవు తెగి, ఒంటినిండ నెత్తురు తాగే గోమార్లు పట్టి, ఎముకలు తేలిన బజారు కుక్క. మా బాపుకు మాత్రం అదంటే పంచప్రాణాలు. బోధన్‌ల చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు కాడ రెండు మూడు రోజులు వరుసల నిలవడేవి. బాపు బండి కింద పండుకుంటే ఎడ్లకు కావలి మోతే. ఆ ఏడు చెరుకు కొట్టుడు మొదలైనంక అది తిండి మానేసింది. చిగుర్లు తెల్లగ పాలిపోయినయి. నాలుగడుగులేస్తే కూలవడుతుండె. బాపు నన్నూ మోతినీ చెరుకు బండి మీద తెచ్చి పశువుల దవాఖాన కాడ దించి, డాక్టరు ఏం చెప్తే అది అవ్వకు చెప్పుమని, వరుస తప్పిపోతదని బండి తోలుకపోయిండు. అవ్వంటే మా నాయినమ్మ.

లోపల మా క్లాసు పిల్ల కూసోని ఉంది. వాళ్ల నాయన ఫ్యాక్టరీల ఆఫీసరు. ఆ పిల్ల ఒడిల తెల్లటి బొచ్చు కుక్క, దాని మెడకు ఎర్ర రిబ్బను. మోతిని చూసి ముక్కు మూసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. కంపౌండరు మోతి చెవికి సూదితోటి పొడిచి, గాజు పలక మీద నెత్తురు రాసిండు. పరీక్షకు నిజామాబాద్ పంపుతమని, మూడొద్దులల్ల రోగమేందో రాసిన చిట్టి వస్తదని చెప్పి, రిజిస్టరు తెరిచి కుక్క ఎవరిదని అడిగిండు.

“మాది కాదు సార్. తొవ్వల పడి ఉంటే తోలుకచ్చిన.”

ఎట్ల వచ్చిందో నా నోట్లకెళ్లి ఆ మాట! నాది ఎంత జాలిగుండె అని ఆ పిల్ల మెచ్చుకుంది. సిగ్గులేకుంట ఆ మెప్పు సుత తీసుకున్న. మోతి ఆ సేపంత నా కాళ్ల మీదనే తల పెట్టుకోని పండుకుంది.

మోతిని మోసుకోని ఇంటికొచ్చి, చిట్టి వస్తే వాళ్లే కబురు చేస్తరని అవ్వకు ఇంకో అబద్ధం చెప్పిన. ఎవరికి చేస్తరు కబురు? రిజిస్టరుల మా పేరే లేకపాయె. రోజూ బడికి ఆ దవాఖాన ముందటికెళ్లే పోయేదాన్ని. పోయి అడిగితే, నీది కాని కుక్క చిట్టి నీకెందుకంటరు. ఆ పిల్లకు తెలిస్తే బడంత తెలుస్తది. రేపు పోదం, రేపు పోదం అనుకుంట ఐదొద్దులు గడిపిన.

ఆ ఐదొద్దులు అవ్వ మోతిని పసిపిల్ల లెక్క చూసుకుంది. గంజిల గుడ్డపేలిక ముంచి నోట్ల పిండేది. ఎండ జరిగినకొద్ది దాన్ని గోనెసంచితో సహా నీడకు గుంజేది. నేను బడికెళ్లి రాంగనే “చిట్టి అచ్చిందా బిడ్డా?” అనేది. నా గొంతు వింటే మోతి లేవలేక తోక ఒక్కసారి నేలకు కొట్టేది. అయినా చెప్పలే.

ఆరో రోజు అవ్వ ఉండవట్టలేక, మోతిని చెద్దరిల చుట్టి ఎత్తుకోని, నన్ను ఎంబడి పెట్టుకోని దవాఖానకు పోయింది. చిట్టి మూడో రోజే వచ్చిందట. గోమార్లతోటి వచ్చే జ్వరమట, దానికి సూదిమందు ఉన్నదట. ఎవరి కుక్కో తెల్వక ఊకున్నమని, తెచ్చిన పిల్ల తొవ్వల దొరికిందన్నదని కంపౌండరు చెప్పిండు. అవ్వ నా మొకం దిక్కు చూసింది.

“మాదే సారూ. జల్ది సూదెయ్యి” అన్నది.

సూదేసిండు గాని, శానా ఆలస్యమయిందన్నడు. తెల్లారి మోతి పోయింది.

ఆ వారమంత తోటకు, ఫ్యాక్టరీకి తిరిగిన బాపు అప్పుడే ఇల్లు చేరిండు. మోతి మీద చెయ్యేసి శానా సేపు కూసున్నడు. ఆఖరికి లేచి, దవాఖానల ఏమన్నరో అడిగి తెలుసుకోని, మందు ఉండంగ ఎందుకింత ఆలస్యం చేసిన్రని అడిగిండు. నా కంటె ముందు అవ్వ అందుకుంది. “నాదే తప్పు కొడుకా. కాళ్లు గుంజుతున్నయని నేనే పోలే” అన్నది. తల్లిని ఒక్క మాట అనని మనిషి, ఆ రోజు వాకిట్ల అందరి ముందట అనరాని మాటలన్నడు. అవ్వ తలొంచుకోని పడ్డది. నేను దర్వాజ పట్టుకోని నిలవడ్డ. కాదు బాపూ, నేనే అనేటందుకు ఎంతసేపు పడుతది? అనలే. అవ్వ తర్వాత సుత నన్నొక్క మాట అడగలే. ఆ పూట నేను తిననంటే, అన్నం కలిపి తనే నా నోట్ల ముద్ద పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్ల గ్లాసు పగిలినా, పాలు పొంగినా, ఎవరని అడగకముందే నేనే అంట. అత్తమ్మకు చాదస్తమని కోడండ్లు నవ్వుతరు. నవ్వనీ. ఆ మాట వినాల్సిన మనిషికి మాత్రం నేను చెప్పలే. అవ్వ పోయినంక సుత బాపు ఎప్పుడన్న మోతిని యాది చేసుకుంటే, “మా అవ్వ జర జల్ది పోయుంటే బతికేది” అనేటోడు. నేను పక్కన్నే కూసోని వినేదాన్ని.