పలక పొడి పట్టిన పెట్టె: స్టోరేజీ కోసం మార్కాపురం, గిద్దలూరు తిరిగిన రోజు

ఒంగోలులో మాది నలుగురు ఎడిటర్లున్న చిన్న స్టూడియో. మొన్నటిదాకా ఎవరి ఫుటేజి వాళ్ళ హార్డ్ డిస్కులోనే ఉండేది. ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకుంటూ పోగా, ఏది అసలో ఏది నకలో ఎవరికీ తెలియని స్థితికి వచ్చాం. ఈ వేసవిలో దొనకొండ దగ్గర ఒక పెళ్ళి తీశాక ఒక డిస్కు బల్ల మీద నుంచి జారి కింద పడింది. ఇంకో కాపీ మిగతా ముగ్గురిలో ఎవరి దగ్గరో ఉందని నేను, నా దగ్గర ఉందని వాళ్ళు అనుకున్నాం. ఎవరి దగ్గరా లేదు. అప్పగింతలు మొత్తం పోయాయి. ఆ మాట చెప్పడానికి నేనే పెళ్ళివాళ్ళ ఇంటికి వెళ్ళాను. పెళ్ళికూతురి తండ్రి కోప్పడలేదు. గ్లాసెడు మజ్జిగ ఇచ్చి, "సరేలేమ్మా, మేం కండ్లతో చూసినాం గదా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతే అందరి ఫుటేజీ ఒకే చోట ఉండే పెట్టె కొనాలని తేల్చుకున్నాం. నాలుగైదు డిస్కులు పట్టే పెట్టె ఒకటి గదిలో పెడితే, నలుగురూ కేబుల్ ద్వారా అందులోంచే ఎడిటింగ్ చేసుకోవచ్చు. ఒక డిస్కు చచ్చిపోయినా మిగతావి ఫుటేజిని నిలబెడతాయి. పని పెరిగినప్పుడు ఖాళీ అరల్లో కొత్త డిస్కులు వేసుకోవచ్చు. కొత్తది కొనాలంటే ధర చూసి భయం వేసింది. సరిగ్గా అప్పుడే వీడియోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో మార్కాపురం నుంచి ఒక ప్రకటన వచ్చింది: ఎనిమిది అరల పెట్టె, నాలుగు డిస్కులతో సహా, కొత్తదాని ధరలో సగం కూడా లేదు. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు తెప్పించుకుని వాడకుండానే వదిలేసిందని దుకాణదారు ఫోన్‌లో చెప్పాడు. నమ్మకం లేకపోతే గిద్దలూరులో నాగలక్ష్మి అనే ఆమెను అడగమన్నాడు, ఆమె స్టూడియోకు ఇలాంటి పెట్టె ఇచ్చింది తనేనట. అడగకుండానే సాక్షిని చూపించేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ అనుమానం. ఇద్దరినీ ఒకే రోజు చూసి రావాలని బయల్దేరాను.

ఉదయం ఆరింటికి ఒంగోలులో బస్సు ఎక్కితే పొదిలి మీదుగా ఎనిమిదిన్నర దాటాక మార్కాపురంలో దిగాను. టికెట్టు రెండు వందల లోపే. బస్టాండు ఎదుట బండి మీద ఎర్రకారం దోశ తిన్నాను. రెండోది వేయమంటే బండి ఆమె, "కారం దిట్టంగా ఉండాది, మొదటిది తిన్నాంక చెప్పు" అంది. ఆ రోజు నాకు వస్తువు అమ్ముతూ ఆగమన్నది ఆమె ఒక్కతే. పెట్టె బరువుగా ఉంటుంది కాబట్టి రానూపోనూ మూడు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. ఆటో నడిపే ఆయన పేరు సుబ్బయ్య, యాభై దాటి ఉంటాయి. దారిపొడుగునా దగ్గుతూనే ఉన్నాడు.

బజారు వెనక సందులో చిన్న దుకాణం. పెట్టె బల్ల మీద తళతళలాడుతూ ఉంది. దుకాణదారుకు ముప్పై ఏళ్ళుంటాయేమో, మాట తియ్యన. డిస్కులు కంప్యూటర్‌కు తగిలించి ఎన్ని గంటలు నడిచాయో చూపించమన్నాను. తన కంప్యూటర్ రిపేరుకు పోయిందన్నాడు. మూత తీయమంటే, తీస్తే వారంటీ పోతుందన్నాడు. రేపు డిస్కులు పదహారు కావాలంటే ఎలా అని అడిగితే, పక్కన ఇంకో పెట్టె తగిలించుకోవచ్చని చెప్పాడు. పెట్టె వెనక ఫ్యాను జాలీ మీద నా వేలు పెట్టి చూశాను. బూడిద రంగు మెత్తని పొడి అంటుకుంది. "షాపులో దుమ్మక్కా, రోడ్డు పక్కన ఉండాం గదా" అన్నాడతను. పెట్టె మోయడానికి లోపలికి వచ్చిన సుబ్బయ్య కూడా ఆ జాలీని ఒకసారి తడిమి, వేళ్ళు రెండూ రుద్ది చూసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పెట్టె వెనక వైపు ఫొటో తీసుకుని, సాయంత్రం చెప్తానని నేనూ బయటికి వచ్చాను.

ఆటో కొంత దూరం పోయాక సుబ్బయ్యే మొదలుపెట్టాడు.

"అది రోడ్డు దుమ్ము గాదు పాపా. పలక పొడి."

అతనికి ఎలా తెలుసని అడిగాను.

"పన్నెండేండ్లు పలకల ఫ్యాక్టరీలో రంపం కాడ పనిచేసినా. ఆ పొడి మింగినా. నాకు తెలీదా."

నిజం చెప్పాలంటే ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది కృతజ్ఞత కాదు. ఇంకో దుకాణానికి తీసుకుపోయి కమీషన్ కొట్టడానికి వేసిన ఎత్తు అనుకున్నాను. ఏ షాపుకు తీసుకెళ్తారో చెప్పండి అన్నాను, కొంచెం కటువుగానే. అద్దంలో నా వైపు చూసి, "ఏ షాపుకూ గాదు. బస్టాండుకే గదా పోవాల" అన్నాడు. దారిలో పలకల గుట్టలు పెట్టిన ఒక ఆవరణ దగ్గర ఆటో ఆపి, దిగి చూసుకోమన్నాడు. గోడ మీద పేరుకున్న పొడిని వేలితో తీశాను. అదే బూడిద రంగు, రుద్దితే అదే జారుడు, అదే సన్నటి మెరుపు. హైదరాబాద్ ఆఫీసులో వాడకుండా ఉన్న పెట్టెలోకి మార్కాపురం పలక ఎలా వచ్చిందో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

పది దాటాక గిద్దలూరు బస్సు దొరికింది. కంభం మీదుగా గంటన్నర పైనే పట్టింది. దారిపొడుగునా నాగలక్ష్మి గురించే ఆలోచించాను. దుకాణదారు చెప్పిన సాక్షి కాబట్టి ఆమె కూడా అతని మనిషే అయి ఉండాలి. స్టేషన్ రోడ్డు దగ్గర దిగి ఫోన్ చేస్తే ఆమే స్కూటీ మీద వచ్చింది. పెట్టె ఎందుకు కావాల్సి వచ్చిందో, దొనకొండ పెళ్ళి సంగతి దారిలో చెప్పాను. మెట్టినిల్లు గొర్రెలు కాసే కుటుంబం. గొర్రెల రోగాలు, మేత గురించి వీడియోలు తీసి ఛానల్ నడుపుతోంది, పెళ్ళిళ్ళకూ పోతుంది. ఎడిటింగ్‌కు ఇంకో ఇద్దరు అమ్మాయిలున్నారు. ఇంట్లోనే ఉన్న స్టూడియోలో కూర్చోగానే ఆమె చెప్పిన మొదటి మాట, మార్కాపురం దుకాణదారు తన పిన్నమ్మ కొడుకని. నా అనుమానం గట్టిపడింది.

ఆమె పెట్టె ఒక ఇనుప బీరువాలో ఉంది. గాలి ఆడడానికి బీరువా వెనక రేకు కోయించింది. ముగ్గురూ ఒకేసారి అందులోంచే ఎడిటింగ్ చేస్తున్నారు, ఎక్కడా తడబాటు లేదు. ఆ ఫుటేజి ఆ కంప్యూటర్లలోనే ఉండి ఉంటుందని నాకు సందేహం. అడగకుండానే వంగి ఒక కంప్యూటర్ వెనక కేబుల్ పీకేశాను. రెండు క్షణాలు ఆడి బొమ్మ ఆగిపోయింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి నా వైపు చూసింది. నాగలక్ష్మి నవ్వి, కేబుల్ మళ్ళీ పెట్టింది. నాకు సిగ్గేసినా ఆగలేదు. నడుస్తున్నప్పుడే ఒక డిస్కు బయటికి లాగి చూపించమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"సరదాకి పీకే వస్తువు గాదక్కా అది. పీకితే మళ్ళా అంతా రాసుకునేదానికి ఒక పగలూ రాత్రీ పడతాది. ఆలోపల ఇంకోటి పోతే నీ దొనకొండ పెళ్ళి కథే నాకూనూ."

దానికి బదులు సొరుగులోంచి చచ్చిపోయిన డిస్కు ఒకటి తీసి చూపించింది. అది పోయిన రోజు కూడా పని ఆగలేదట. తర్వాత అన్నీ తనే విప్పి చెప్పింది. ఐదు అరల పెట్టెలో మొదట మూడు డిస్కులే వేసింది, పని పెరిగాక మిగతావి వేసింది. కొత్తగా వేసే డిస్కు పాతదాని కంటే చిన్నదైతే పెట్టె ఒప్పుకోదు. అన్నిటికంటే పెద్ద తప్పు మామూలు కేబుల్‌తో మొదలుపెట్టడం, ముగ్గురూ కూర్చుంటే వీడియో ఆగి ఆగి వచ్చేది, వేగంగా పోయే కేబుల్, కంప్యూటర్లన్నిటినీ పెట్టెకు కలిపే నెట్‌వర్క్ స్విచ్చి దానికి తగినది కొన్నాకే దారికొచ్చింది. పిడుగు పడి పెట్టె మొత్తం పోతే ఏ డిస్కూ కాపాడదు కాబట్టి, వారానికోసారి ఇంకో కాపీ పుట్టింట్లో పెట్టి వస్తుంది.

నా ఫోన్‌లో ఫొటో చూపించాను. పెద్దది చేసి చూసి, "దీనికి పక్క పెట్టె తగిలించేదానికి చోటే లేదే" అంది. పలక పొడి సంగతి అప్పుడు చెప్పాను. ఆమె ముఖం మారింది. ఫోన్ తీసి, నాకు వినబడేలా పెట్టి మార్కాపురం తమ్ముడికి చేసింది.

"అది ఏ ఫ్యాక్టరీదిరా?"

అతను సన్నగా, పలకల ఫ్యాక్టరీలో నిఘా కెమెరాల రికార్డింగుకు మూడేండ్లు వాడినారని, అయినా పని చేస్తోంది గదా అని చెప్పుకొచ్చాడు.

"పని చేస్తాది, సరే. ఆ మాటే చెప్పి అమ్ముకో. నా పేరు చెప్పి అమ్మినావంటే మీ అమ్మ దగ్గరికే వస్తా" అని పెట్టేసింది. అన్నం పెట్టి, మూడింటి ఒంగోలు బస్సుకు స్టేషన్ రోడ్డు దగ్గర దింపి పోయింది.

బేస్తవారిపేట, పొదిలి మీదుగా ఆ బస్సు నేరుగా వస్తుంది, నాలుగు గంటలు పట్టింది. పక్షం తర్వాత ఆరు అరల కొత్త పెట్టె కొన్నాం, పక్క పెట్టె తగిలించే వీలున్నదే. ప్రస్తుతానికి మూడు డిస్కులు వేశాం, మూడు అరలు ఖాళీ. ఆ రోజు నేను అనుమానించింది ముగ్గురిని. ఒక్కడి విషయంలోనే అది నిజమైంది. తన ఊపిరితిత్తుల్లో ఉన్నదాన్ని నా కోసం గుర్తుపట్టి చెప్పిన మనిషితో నేను దళారితో మాట్లాడినట్టు మాట్లాడాను. పిన్నమ్మ కొడుకుతో చెడుతుందని తెలిసీ నిజం చెప్పిన మనిషి ఇంట్లో అడక్కుండా కేబుల్ పీకాను. వస్తువును అనుమానించినందుకు బాధ లేదు, ఇంకోసారైనా అలాగే చేస్తాను. మనుషులకు మాత్రం ఆ రోజు బాకీ పడ్డాను.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: మీ దగ్గరున్న అన్నిటికంటే బరువైన ఫుటేజి ఒక డిస్కులో వెంట తీసుకెళ్ళండి. మీ జట్టులో ఎంతమంది ఉన్నారో అన్ని కంప్యూటర్ల మీద ఒకేసారి దాన్ని ఆడించి చూడనివ్వని చోట, ధర ఎంత తక్కువైనా కొనకండి.