రత్నమ్మత్త పేరు మీద ఏప్రాన్లు

పెనుకొండ నుంచి బస్సులో వచ్చిన గుడ్డల మూట విప్పి, రంగు దిగుతుందేమోనని ఒక మూల తడిపాను. తడిసిన కొత్త నూలుగుడ్డ నుంచి గంజి వాసన గుప్పుమంది. హిందూపురంలోని నా కుట్టు షాపులో రోజూ ఉండే వాసనే. కానీ ఈ గుడ్డ రత్నమ్మత్త సంవత్సరీకం కోసం వచ్చింది. ఆ రోజు వచ్చే చుట్టాలందరికీ పంచడానికి వంట ఏప్రాన్లు కుట్టాలట, ఒక్కోదాని మీద ఆమె పేరు కుట్టాలట. ఆమె కోడలు సుజాత ఫోన్ చేసి చెప్పింది. "నువ్వే కుట్టాలక్కా. నీకు నేర్పింది మా అత్తమ్మే గదా?" ఆలోచించి చెబుతానన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

నేర్పింది ఆమే, నిజమే. ధర్మవరంలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. చుట్టం కాకపోయినా అత్తా అనే పిలిచేదాన్ని. వాళ్లింట్లో ఒక గదిలో పొయ్యి, పక్క గదిలో మగ్గం. పప్పుకు తిరగమోత పెట్టిన చేత్తోనే వచ్చి పట్టు కండెలు చుట్టాలి. ఒకసారి ఆమె కొంగుకంటిన నూనె మగ్గం మీది చీరకు తగిలింది. ఎవరిదో పెళ్లికి ఒప్పుకున్న చీర అది. ఆమె భర్త తిట్టిన తిట్లు గోడ ఇవతల మాకూ వినిపించాయి. మరునాడే ఆమె పాత దుప్పటి కత్తిరించి ఏప్రాన్ కుట్టుకుంది. తాళ్లు నడుము చుట్టూ తిప్పి ముందే ముడి వేసేది. మగ్గం దగ్గర నుంచి పిలుపొస్తే ఒక్క లాగుకు ఊడివచ్చేది.

అప్పటి నుంచి వీధిలో ఏ ఆడపిల్ల పెళ్లయినా ఒక ఏప్రాన్ కుట్టి ఇచ్చేది. పట్టుచీరలు నేసే ఊళ్లో పెళ్లికూతురికి నూలుగుడ్డ! చాటున నవ్వేవాళ్లు. ఆ సంగతి నేను చెబితే, "నవ్వనీలే పాపా. చీర నలుగురు చూసేకి. ఇది ఆ పిల్లకు పనికొచ్చేకి" అనేది. నేను కుట్టినదాన్ని మాత్రం ఒక పట్టాన ఒప్పుకునేది కాదు. ముడి వేసి "లాగు" అనేది. ముడి బిగిసిపోతే తాళ్లన్నీ నాచేతే ఊడదీయించేది. మెచ్చుకోలు మాట ఆమె నోట రాదు. ఏడుస్తూ ఊడదీసిన రోజులున్నాయి.

తర్వాత కొడుక్కు పెనుకొండ అమ్మాయి సుజాతతో పెళ్లయింది. అక్కడే కాపురం పెట్టారు. ఆ ఇంటికి మొదటిసారి పోతూ అత్త నన్ను తోడు తీసుకుపోయింది. కోడలి ఏప్రాన్ కోసం ఆమె పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. జేబు అంచుకు తన పెళ్లిచీర జరీ పట్టీ వేసింది. మాకెవరికీ వేయని పట్టీ అది. బస్సులో పొట్లం ఒళ్లోనే పెట్టుకుని, "నచ్చుతుందంటావా పాపా?" అని అడిగింది. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు.

అక్కడికి పోయాక పొట్లం కోడలి చేతికిచ్చి, "వంట చేసేటప్పుడు కట్టుకునేకి" అంది. అంతకన్నా ఇంకేం చెప్పాలి? సుజాత విప్పి చూసి, "బో బాగుండాది అత్తమ్మా" అంటూ వంటింటి వైపు తిరిగింది. "ఓబుళమ్మా, ఇట్ల రా. మా అత్తమ్మ నీకేం తెచ్చిందో చూడు." వంటమనిషి ఓబుళమ్మ మురిసిపోతూ వచ్చింది. నేను నోరు తెరవబోతే అత్త నా మోచేయి గట్టిగా పట్టుకుంది. లేచి తానే ఓబుళమ్మకు ముడి వేసి, లాగి చూపించింది.

తిరుగు బస్సులో నేను ఆగలేకపోయాను. "నీకు రోషం లేదా అత్తా? అది కోడలికని చెప్పొచ్చు గదా?"

"చెప్తే ఓబుళమ్మ చేతిలోది పెరుక్కోవాల గదా పాపా. ఆయమ్మ ఏం జేసింది?" అని కిటికీ వైపు తిరిగింది.

ఆ తర్వాత ఆమె ఎవరి పెళ్లికీ కుట్టలేదు. అడిగితే కళ్లు కనబడటం లేదనేది. బియ్యంలో రాళ్లు మాత్రం ఏరేది. చివరి దాకా మిషను మీద గుడ్డ కప్పే ఉంది. ఆమెను అంత చిన్నబుచ్చిన కోడలు ఇప్పుడు ఆమె పేరుతో కానుకలు పంచుతుందా అని నా కడుపు మంట.

నిన్న సుజాత మళ్లీ ఫోన్ చేసింది. "మొదలుపెట్టినావాక్కా?"

ఈసారి అడిగేశాను. "అత్త నీకు కుట్టింది యాడుంది సుజాతా?"

"నాకా? నాకెప్పుడు కుట్టిందక్కా? ఊర్లో ఆడపిల్లలందరికీ కుట్టింది. మా వంటమనిషికీ తెచ్చింది. నాకే కుట్టలేదు. నేను చేసిన తప్పేందో ఆమె చెప్పనూలేదు." ఆ గొంతులో నటన లేదు. ఏడుపు ఉంది.

ఇన్నేళ్లూ పెంచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. మొట్టమొదటిసారి అత్త మీద కోపం వచ్చింది. ఇది నీకమ్మా అని ఒక్క మాట అనడానికి ఏమొచ్చింది ఆ మనిషికి? అది నీదే సుజాతా, జరీ పట్టీ నీకోసమే వేసింది అని నోటిదాకా వచ్చింది. వంటమనిషికి చేతులారా ఇచ్చేసింది నువ్వే అని కూడా చెప్పాలి కదా. చెబితే ఆ పిల్ల బతికినన్నాళ్లూ ఏడుస్తుంది.

"కుట్టి ఇస్తాలేమ్మా" అని ఫోన్ పెట్టేశాను. కుట్టుతో పాటు నోటిదాకా వచ్చిన మాట మింగడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నానని నిన్నటిదాకా నాకు తెలియదు.