పన్నెండో ప్రశ్న కాడ ఆగిన చాచా

మంగళవారం పొద్దున పప్పుకు తాలింపు పెడుతుంటే ఫోన్ మోగింది. చాచా బిడ్డ. "అక్కా, మా అబ్బా పోయిండు. మధ్యాహ్నం నమాజ్ అయినంక తీస్కపోతరు. జల్ది రా" అన్నది. పొయ్యి ఆపిన గానీ కిచెన్ గడప దాటలేకపోయిన. సర్టిఫికెట్ ఉన్న వంటమనిషి ఒక్కరన్న లేకుంటే మా క్యాంటీన్ల వంట నడవొద్దు. ఆ రోజు అట్లాంటి మనిషిని నేనొక్కదాన్నే. అందరికి అన్నాలు పెట్టి నేరేడ్‌మెట్‌ల వాళ్ళింటికి చేరేసరికి చాపలు దులిపి మడతపెడుతున్నరు. ఆఖరి చూపు దక్కలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. బేగంపేటల మా ఆఫీసు క్యాంటీన్‌కు పెద్ద వంటమనిషి. అందరం చాచా అనేటోళ్ళం. నేను కూరగాయలు కోసే పనికి చేరిన మొదటి రోజు, నా పేరు సుత అడగకముందే చేతులు చూపించమన్నడు. గోర్లు చూసిండు. చూపుడువేలికి ఉన్న చిన్న గాటు చూసిండు. "ముందు దీనికి పట్టీ కట్టుకో బేటీ. కత్తి ఆడనే ఉంటది, ఎటూ ఉరకది" అన్నడు. మీలో ఎవరన్న అటువైపు పనిచేసి ఉంటే ఆయన చేతి బగారా అన్నం తినే ఉంటరు. అది తిని కడుపు నొచ్చిందన్నోళ్ళను నేను ఎన్నడు చూడలే.

ఒక ఎండాకాలం పొద్దున కరెంట్ పోయి ఫ్రిజ్‌లన్నీ ఆగిపోయినయి. చాచా చికెన్ డబ్బా మూత తీసి, ఒక్కసారి వాసన చూసి, మొత్తం పక్కకు పెట్టేసిండు. మేనేజర్ సార్ ఉరికొచ్చిండు.

"ఏమైతది చాచా? జెర మసాలా దట్టించు."

"మసాలా వాసనను చంపుతది సార్. రోగాన్ని చంపది."

ఆ రోజు అందరికి కోడిగుడ్ల పులుసు వండిండు. మేనేజర్ తిట్లన్నీ తల వంచుకొని విన్నడు. సార్ పోయినంక నా దిక్కు తిరిగి, "ఆకలైనోడు వాసన చూడడు బేటీ. వాని తరఫున మనమే చూడాలె" అన్నడు.

పోయినేడు పైనుంచి ఆర్డర్ వచ్చింది. కిచెన్ల పనిచేసేటోళ్ళందరు ఫోన్ల ఫుడ్ సేఫ్టీ ట్రైనింగ్ చూడాలె, ఆన్‌లైన్ పరీక్ష రాయాలె. పాసైతే సర్టిఫికెట్. మూడుసార్లు తప్పితే ఐడీ లాక్ అయితది, ఇగ లోపలికి రానియ్యరు. వీడియోలు హిందీల ఉండె, చాచాకు మంచిగనే అర్థమైనయి. తలకాయ ఊపుకుంట చూసి, "నేను తప్పులు చేసి నేర్చుకున్నవన్నీ వీళ్ళు కూసోబెట్టి చెప్తున్నరు" అని మెచ్చుకున్నడు సుత. కానీ పరీక్ష ఇంగ్లీషుల ఉండె. ఆయనకు ఉర్దూ తప్ప వేరే అక్షరం రాదు. నేను పదో తరగతి దాక చదివిన, కూడబలుక్కొని చదివి మొదటిసారే పాసైన.

మొదటిసారి చాచా తెర దిక్కు చూస్తుంటనే టైమ్ అయిపోయింది. రెండోసారికి నేను ప్రశ్నలన్నీ తెలుగుల చెప్పి, ఏ ప్రశ్నకు ఎన్నో జవాబు నొక్కాల్నో బట్టీ పట్టించిన. "వండిన అన్నం బయట ఎంతసేపు ఉంచొచ్చు చాచా?" అంటే, "ఎండాకాలమా, చలికాలమా? మూత ఉందా లేదా? అది రాయలేదేంది?" అని నన్నే ఎదురడిగేటోడు. ఇద్దరం నవ్వుకున్నం. పరీక్షల ప్రశ్నలు తారుమారై వచ్చినయి. మళ్ళ ఫెయిల్.

ఇగ ఒక్కటే మిగిలింది. శుక్రవారం ఆఖరు తారీఖు. చాచా మొఖం నల్లబడ్డది. స్టోర్ రూమ్ల సామాన్ల నడుమ ఒక స్టూల్ వేసి, ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించినం. "నువ్వు చదివిపెట్టు చాలు. జవాబు మాత్రం నేనే చెప్త. అది దొంగతనం కాదు గదా బేటీ?" అన్నడు. కాదన్న. పరీక్ష రాసేటోళ్ళను చూసే ఫోన్ కెమెరాకు కనపడకుండ డబ్బా వెనక కూసొని మెల్లగ చదివిన. ఆయన ఒక్కొక్కటి చెప్పుకుంట నొక్కిండు. పదకొండు ప్రశ్నలకు పదకొండు జవాబులు. ఒక్కటి తప్పు లేదు, నాకు తెలుసు.

పన్నెండో ప్రశ్న సగం చదివిన్నో లేదో తెర ఎర్రగైంది. పక్కన వేరే మనిషి గొంతు వినపడ్డదంట, పరీక్ష రద్దంట.

"ఏమంటున్నది బేటీ? పాసంటున్నదా?"

నా గొంతే ఆయనను ముంచింది.

మేనేజర్ కాడికి ఉరికిన, ఆఫీసుల మేడం కాడికి పోయిన. "గొంతు నాదే మేడం, చాచా తప్పేం లేదు, ఇంకొక్కసారి రాయనియ్యిండ్రి" అని కాళ్ళమీద పడ్డంత పని చేసిన. ఆమె కంప్యూటర్ మీదికెల్లి చూపు తియ్యలే. "కాపీ కొట్టించినవని రాసిస్తవా? అట్లయితే నీ సర్టిఫికెట్ సుత పోతది" అన్నది. నా ఇద్దరు పిల్లలు కండ్ల ముందు నిలబడ్డరు. నోరు మూసుకొని బయటికొచ్చిన.

సోమవారం నుంచి చాచా గరిటె నా చేతికొచ్చింది. గేటు కాడ ఆయన ముందు ఏడ్చిన. "ఊకో. మంచి పని చేసినవ్. ఇద్దరం బయటుంటే లోపల అన్నం ఎవరు చూస్తరు?" అన్నడు. ఆయన నన్ను మాఫ్ చేసిండు. నాతోని ఇప్పటికీ అయితలేదు.

తర్వాత ఆయన ఏ.ఎస్. రావు నగర్ దాక హోటళ్ళన్నీ తిరిగిండు. అందరు సర్టిఫికెటే అడిగిన్రు. "ఇంకేదన్న తొవ్వ చూడు బేటీ, మళ్ళ మొదటికెల్లి రాస్త" అని ఫోన్ చేసేటోడు. చూస్త చాచా, అనేదాన్ని. పనిల పడి మర్చిపోయేదాన్ని. కొన్నిసార్లు మర్చిపోకనే ఫోన్ ఎత్తలే, ఏం జవాబు చెప్పాల్నో తెల్వక. డాక్టర్లు గుండె ఆగిందన్నరు. అంతేనేమో. నేను మాత్రం ఎత్తని ఆ ఫోన్లనే తలుచుకుంటున్న.

చాపలు మడతపెట్టినంక చాచీ నా చెయ్యి పట్టుకొని వంటింట్లకు తీస్కపోయింది. ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల చిన్న స్టీల్ గిన్నె, దాని మూత మీద అతికించిన తెల్ల కాయితం, ఉర్దూల రెండు వరుసలు. వండిన ప్రతిదాని మీద ఏ రోజు, ఏ టైముకు వండిన్రో రాయాలెనని ట్రైనింగ్‌ల ఒక పాఠం ఉంటది. ఐడీ లాకైనంక సుత ఆయన ఇంట్ల రోజు రాస్తనే ఉన్నడంట.

"ఏం రాసిండు చాచీ?"

"ఆలుగడ్డ కూర. శనివారం, పొద్దున తొమ్మిది. ఆదివారం దాటితే తినొద్దు." చాచీ వేలును ఆ వరుసల మీదనే ఆపింది. "అది వండినంకనే రొమ్ము నొస్తున్నదని కూసున్నడు. దవాఖానకు తీస్కపోతే మళ్ళ ఇంటికి రాలే. ఇప్పుడు పారేయాలె గదా బేటీ? నువ్వే చెప్పు."

పారేయాలె. చాచీ కూరను బయటికి తియ్యలే, నేను తలుపు ముయ్యలే. చల్లగాలి మా ఇద్దరి కాళ్ళమీద పడుతుంటే, తడికి ఒక అంచు లేచి సిరా కొంచెం పాకిన ఆ కాయితాన్ని చూసుకుంట అట్లనే నిలబడ్డం.